నటి జీవితము నీతికథయా?

ఒక మనుష్యుని బ్రతుకును మన పిల్లలకు పాఠముగా వాడుకొను హక్కు మనకెచ్చటనుండి వచ్చినది? ఈ ప్రశ్న మాకు గ్రంథములవలన కలుగలేదు. తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలికవలన కలిగినది.

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున, ఇబ్రహీంపట్నము దాటిన పిమ్మట, యాచారము కలదు. ఆ ప్రాంతమున ఉపాధ్యాయవృత్తిలో నున్న మేము, పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, విద్యార్థులను తమకు గౌరవపాత్రులైన తెలుగువారిని గూర్చి వ్యాసములు వ్రాసి సభలో చదువుమంటిమి. పెక్కుమంది పాఠ్యపుస్తకములలోని పేర్లనే ఎన్నుకొనిరి. ఒక బాలిక మాత్రము నటి సావిత్రిని గూర్చి వ్రాసెను. ఆ కాగితములను చూచిన గ్రామపెద్ద యొకరు, "సారూ, బడిల సినిమావాళ్ల ముచ్చట ఎందుకు? ఆమె బతుకు ఏమైందో అందరికి ఎరుకే గద" అనిరి. అచ్చటనే యున్న ఒక తల్లి, "చదవనియ్యిండ్రి సారూ. గని ఆఖరికి ఏమైందో గూడ చెప్పాలె. ఆడపిల్లలకు బుద్ధి వస్తది" అనెను. ఇరువురకును సమ్మతమగు మార్గము దొరకినదని సంతోషించి, మేము బాలికను పిలిచి, వ్యాసము చివర మద్యపానమువలని కీడును, తొందరపాటు వివాహమువలని కీడును తెలుపు రెండు వాక్యములు చేర్చుమంటిమి. ఆమె కొంతసేపు తలవంచుకొని నిలిచి, "సారూ, నేను ఆమె చేసిన పని గురించి రాసిన. మీరు ఆమె సచ్చిపోయిన తీరు గురించి రాయమంటున్నరు" అనెను.

మేము మారుపలుకలేకపోతిమి. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమును వెదకుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

సావిత్రి కథను లోకము చెప్పుకొను తీరు చదువరులెరుగనిది కాదు. పల్లెటూరి పిల్ల, పసితనముననే తండ్రిని కోల్పోయినది, మదరాసు చేరినది, కీర్తి గడించినది, వివాహితుడైన పురుషుని నమ్మినది, త్రాగుడునకు లోనైనది, ఆస్తి పోగొట్టుకొన్నది, మంచము పట్టి మరణించినది. ఇందులో ఏ వాక్యమును అబద్ధము కాదు. కాని నిజములను వరుసగా పేర్చినంత మాత్రమున సత్యము కాదు. ఏ నిజమునకు ఎంత చోటిత్తుమో దానినిబట్టి సత్యము మారుచుండును. ఈ కథలో ముప్పది సంవత్సరముల పని "కీర్తి గడించినది" అను రెండు మాటలలో ఇమిడిపోయినది. 1980 మే నెలలో బెంగుళూరున స్పృహ కోల్పోయినది మొదలు 1981 డిసెంబరు 26వ తేదీన మదరాసులో కన్నుమూయువరకు గడచిన పందొమ్మిది నెలలును మాత్రము గంటలకొలది చెప్పుకొనబడుచున్నవి. ఆమె విద్య ఒక నిచ్చెనవలె, పడిన ఎత్తును కొలుచుటకు మాత్రమే పనికివచ్చుచున్నది.

ఇది తెలుగువారికే పరిమితమైన అలవాటు కాదు. హిందీ చిత్రములలో మీనాకుమారి 1972లో, 'పాకీజా' విడుదలయైన కొన్ని వారములకే, ముప్పదియెనిమిదేండ్ల ప్రాయమున మరణించినది. అమెరికాలో మెరిలిన్ మన్రో 1962లో ముప్పదియారేండ్లకే పోయినది. మువ్వురి ప్రాంతములు వేరు, భాషలు వేరు, విద్యలు వేరు. అయినను వారిని గూర్చి లోకము చెప్పు కథ ఒక్కటే. మూడు వేర్వేరు జీవితములకు ఒకే కథ అతికినపుడు ఆ కథ వారిది కాదనియు, చెప్పువారిదనియు అనుమానింపవలసి యున్నది.

కావున ముందుగా, ఆ బాలిక కోరినట్లు, పనిని గూర్చియే చెప్పుదము.

గుంటూరు జిల్లా చిర్రావూరున పుట్టి, పెదతండ్రి కొమ్మారెడ్డి వెంకట్రామయ్యగారి సంరక్షణలో పెరిగి, విజయవాడలో శిష్ట్లా పూర్ణయ్యశాస్త్రిగారివద్ద నాట్యము నేర్చి, చిన్నతనముననే రంగస్థలమెక్కిన ఈ బాలికను చలనచిత్రసీమ ఆదరముతో పిలువలేదు. 1950 నాటి 'సంసారం'లో ప్రధానపాత్ర చేతికందినట్లే అంది జారిపోయినది. 1951లో 'పాతాళభైరవి'లో లభించినది ఒక చిన్న నృత్యసన్నివేశము. 1953లో 'దేవదాసు'లోని పార్వతి వచ్చువరకు ఆమె కనిపెట్టుకొని యుండవలసి వచ్చెను. 1955లో 'మిస్సమ్మ' ప్రధానపాత్ర మొదట భానుమతిగారిది. నిర్మాతతో పొసగక ఆమె తొలగగా, చెల్లెలి పాత్రకు కుదిరిన సావిత్రికి అది దక్కినది. ఇట్టివానిని లోకము అదృష్టమనును. కాని అదృష్టము పాత్రనిచ్చునే గాని నటన నీయదు.

'మిస్సమ్మ'ను ఉపాధ్యాయులమగు మేము ప్రత్యేకాభిమానముతో చూతుము; అది కొలువుకొరకు దంపతులమని బొంకిన ఇరువురు ఉపాధ్యాయుల కథ గదా. అందులో సావిత్రి నటింపవలసినది భార్యగా కాదు. భార్యగా నటించుట యిష్టము లేక నటించుచున్న స్త్రీగా. చిరాకు, ఆత్మాభిమానము, తనకే తెలియని అనురాగము, ఈ మూడును ఒకదానిమీద నొకటి కప్పుకొని ముఖమున మెదలును. 1957 నాటి 'మాయాబజార్' లో ఇంతకన్న కష్టమైన పని కలదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపు ధరించి కౌరవుల విడిదిలో మెలగునపుడు, చూచువానికి కనబడునది సుకుమారి, ఎరుకపడవలసినది రాక్షసుడు. అంతకుముందు ఎస్.వి. రంగారావుగారు తన భారీకాయముతో చూపిన నడకను, చూపును, గర్వమును ఆమె తన దేహమున నిలుపుకొని, మరుక్షణమున లజ్జావతియైన పెండ్లికూతురు కావలెను. ఇది ఈశ్వరదత్తమైన సౌందర్యమువలన సిద్ధించునది కాదు. పరిశీలన, అభ్యాసము, తన అవయవములపై తనకుగల అధికారము, వీనివలన సిద్ధించునది. దీనినే మనము విద్య యందుము. వీణకైనను, వ్యాకరణమునకైనను, వడ్రంగమునకైనను ఇవియే సాధనములు.

తమిళమున సైతము అంత కీర్తినే పొంది, అచ్చటివారిచే 'నడిగైయర్ తిలగం' అని పిలువబడెను. 1968లో 'చిన్నారి పాపలు' చిత్రమునకు తానే దర్శకత్వము వహించెను. ఆ చిత్రమునకు సంగీతము కూర్చినది పి. లీల, తక్కిన ముఖ్యశాఖలలోను పెక్కింటిని స్త్రీలే నిర్వహించిరి. స్త్రీలు తెరపై కనబడుటకే గాని తెరవెనుక నిలుచుటకు తగరని తలచు కాలమున ఇది సాహసము. 1971లో 'మూగమనసులు' కథను తమిళమున 'ప్రాప్తం' అను పేర తానే నిర్మించి, తానే దర్శకత్వము వహించెను. అది ఫలింపక అప్పుల పాలయ్యెను. పురుషుడు సాహసించి నష్టపోయిన యెడల వ్యాపారమున ఒడుదొడుకులు సహజమందుము. స్త్రీ నష్టపోయిన యెడల తనకు తగని పనికి పూనుకొన్నదందుము.

ఇంతవరకు పనిని చెప్పితిమి. ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఇంత పని చేసిన మనిషిని గూర్చి, ఆ పనిని విడిచి, ఆమె కష్టములనే చెప్పుకొనుటలో మనకు రుచి యేల?

నటుని యెడల చిన్నచూపు మనకు క్రొత్త కాదు. శైలూషుని అన్నము తినరాదని మనుస్మృతి. నాట్యశాస్త్రము చివర, భరతుని పుత్రులు ఋషులను పరిహసించి శాపగ్రస్తులైన కథ కలదు. నాట్యమును వేదమనిన గ్రంథమే నటులకు సంఘమున తక్కువ స్థానము ఏల వచ్చినదో చెప్పవలసి వచ్చెను. కాని అంతకన్న ముఖ్యమైన మాట ఒకటి అభినవగుప్తాచార్యుల వ్యాఖ్యలో కలదు. రసము నటునియందుండదు, సామాజికుని హృదయమున నుండును. నటుడు ఆ ఆస్వాదమునకు ఉపాయము మాత్రమే. అందుచేతనే అతనికి 'పాత్రము' అని పేరు. గిన్నె మద్యమును రుచి చూడదు గదా అని ఆచార్యుని సమర్థన. ఫ్రెంచి పండితుడు డిడరో కూడ పదునెనిమిదవ శతాబ్దమున ఇంచుమించుగా ఈ తీరుననే, ఉత్తమనటుడు తాను కరగక ఇతరులను కరగించునని వాదించెను.

శాస్త్రముగా ఈ మాట మాకు సమ్మతమే. కాని సావిత్రిని తలచుకొన్నపుడు ఆ ఉపమానము మమ్ము నొప్పించుచున్నది. త్రాగినవారము మనము, గిన్నె ఆమె. గిన్నె పగిలినపుడు మనము ఆలోచించినదేమి? గిన్నె మంచిది కాదని. గిన్నెకు ఆకలి, దుఃఖము, వృద్ధాప్యము, అప్పులు ఉండునని రసశాస్త్రము చెప్పనక్కరలేదు. అది శాస్త్రవిషయము కాదు. కాని శాస్త్రము విడిచినదానిని ధర్మము విడువరాదు.

1960లో వచ్చిన 'చివరకు మిగిలేది' చిత్రమునందు సావిత్రి ఒక ఉన్మాదవైద్యశాలలోని నర్సు. రోగిని బాగుచేయుటకై అతనియందు ప్రేమను నటింపుమని వైద్యుడు ఆజ్ఞాపించును. ఆమె నటించును, రోగి స్వస్థుడై వెడలిపోవును, చివరకు ఆమెయే మతి కోల్పోయి ఆ వైద్యశాలలో రోగిగా మిగులును. గిన్నె రుచిచూడదన్న మాటకు ఈ కథ ఒక ఎదురుప్రశ్న. దీనిని ఆమె జీవితమునకు సూచనగా చెప్పుట మా తాత్పర్యము కాదు; అట్లు చెప్పినచో మేమును ఆమె బ్రతుకును కథగా మార్చుచున్నవారమే యగుదుము. ఆ చిత్రములోని వైద్యుని తప్పు గమనింపదగినదని మాత్రమే మా మనవి. అతడు క్రూరుడు కాడు. చికిత్స ఫలించినదని సంతసించి, దానికై వెచ్చింపబడినది ఒక మనిషి అని మరచినవాడు.

ఇచ్చట మాకు తోచిన సిద్ధాంతమును స్పష్టముగా చెప్పుదము. కావ్యమున సీత దుఃఖము మనకు ఆనందమేల యిచ్చునని ప్రశ్నించి, భట్టనాయకాదులు 'సాధారణీకరణము' అను సమాధానము చెప్పిరి. రంగస్థలముపై సీత జనకుని కూతురుగాను, రాముని భార్యగాను నిలువక, ఎవరికిని సొంతము కాని శోకమూర్తి యగును. ఎవరిదియు కానిది కనుకనే ఆ దుఃఖమును మనము ఆస్వాదింపగలము. ఇది కావ్యమునకు ప్రాణము. కాని ఈ క్రియనే బ్రతికియున్న మనిషిపై, లేదా బ్రతికి చనిపోయిన మనిషిపై జరిపినచో ఏమగును? ఆమె తనకు సొంతమైన దుఃఖమును కోల్పోయి, మన కన్నీటికో, మన నీతికో పనికివచ్చు వస్తువగును. కావ్యమున గుణమైనది లోకమున దోషమగుట ఇట్లు. సావిత్రిని పాఠముగా చేయు పెద్దయు, ఆమెను తలచి కంటనీరు పెట్టుకొని తృప్తిపడు ప్రేక్షకుడును చేయు పని ఒక్కటే.

2018లో 'మహానటి' చిత్రము వచ్చినపుడు మేమును చూచితిమి. దర్శకుడు నాగ్ అశ్విన్. సావిత్రి పాత్ర ధరించిన కీర్తి సురేశునకు జాతీయ పురస్కారము లభించెను. శ్రద్ధతో తీసిన చిత్రము. ఒక తరమునకు ఆమె పేరును మరల తెలిపినది. మేమును కన్నీరు తుడుచుకొనుచు బయటికి వచ్చితిమి. కాని ఇంటికి వచ్చి 'మిస్సమ్మ'ను మరల చూడవలెనని మాకు తోచలేదు. దుఃఖమును చూచితిమి గనుక సావిత్రిని చూచినట్లే యనుకొంటిమి. మా తప్పును ఆ బాలిక మాటవలననే గుర్తించితిమి: ఆమె, ఎట్లు నేర్చినదో గాని, పనిని చూచినది.

కొందరు ఆక్షేపింపవచ్చును. "ఆమె తన నిర్ణయములకు తాను బాధ్యురాలు కాదా? వివాహితుడని యెరిగియే జెమినీ గణేశనును 1952లో పెండ్లాడినది గదా? ఆయన మొదటి భార్య దుఃఖము దుఃఖము కాదా?" ఈ ఆక్షేపణము తేలికది కాదు. సావిత్రిని దోషములేని దేవతగా నిలుపుట మా ఉద్దేశము కాదు. దేవత యనుటయు మనిషి కాదనుటయే. ఆ యింటిలో నొచ్చినవారికి నొచ్చితిమని చెప్పుకొను హక్కు కలదు. ఆ హక్కు వారిదే గాని, అరువదియేండ్ల తరువాత యాచారమున కూర్చున్న మాది కాదు.

పోనీ, తీర్పు చెప్పుట తప్పదనినచో న్యాయముగానైనను చెప్పవలదా? మదరాసు రాష్ట్రమున హిందువులకు ద్వితీయవివాహమును నిషేధించు శాసనము 1949లోనే వచ్చినది. 1955 నాటి హిందూ వివాహచట్టము దానిని దేశమంతటికి విస్తరించినది. శాసనము తాకవలసిన మొదటి మనిషి భార్య యుండగా మరల పెండ్లాడిన పురుషుడు. కాని లోకము జెమినీ గణేశనునకు 'కాదల్ మన్నన్', అనగా ప్రేమకు రాజు, అను బిరుదమిచ్చినది. ఆ బిరుదము ఆయన ధరించిన ప్రణయపాత్రలకే యనుకొందము. ఆయన గృహజీవితము దానికి కళంకము కాలేదు గదా. ప్రభుత్వము 1971లో పద్మశ్రీ నిచ్చినది. 2005లో ఆయన మరణించినపుడు పత్రికలు ఆయన చిత్రములను తలచుకొన్నవి. మేము ఆయనను నిందింపవలెనని చెప్పుటలేదు. ఆయనకు జరిగినదే సరియైనది. నటుడు పోయినపుడు నటనను తలచుకొనుట మర్యాద. ఆ మర్యాద ఆమెకు ఏల లేదనియే మా ప్రశ్న.

మరియొక ఆక్షేపణము: "పిల్లలకు మద్యపానముయొక్క కీడును చెప్పవలదా?" తప్పక చెప్పవలెను. కాని దానికి చనిపోయిన యొక స్త్రీని మదరాసునుండి తెచ్చుకొననేల? ఏ మండలకేంద్రమునందైనను సాయంకాలమున మద్యపు దుకాణము ముందు నిలుచువారిని చూడుడు. వారు మన తండ్రులు, అన్నలు, ఇరుగుపొరుగువారు. వారి యిండ్లలో రాత్రులందు జరుగునది మా తరగతిలోని పిల్లలకు మాకంటె ఎక్కువ తెలియును. ఆ పాఠమును చెప్పుటకు మనకు నోరు రాదు. అది మన యింటిని తాకును. అందుచేత మారు చెప్పలేని మనిషిని ఎన్నుకొంటిమి. పైగా త్రాగుడు ఒక వ్యాధి యని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. చక్కెరవ్యాధితో బాధపడిన మనిషిని శీలపరీక్షకు నిలుపము. ఈ వ్యాధికి మాత్రము నిలుపుదుము. అదియును పురుషునకు కాదు, స్త్రీకే.

సంస్కరణాభిమానులమగు మనము మన లోపమును కూడ ఒప్పుకొనవలెను. వీరేశలింగము పంతులుగారి కాలమునుండి మనవారు భోగముమేళములను ఖండించిరి. ఆ ఖండన అవసరమైనదే. స్త్రీ దేహమును పెండ్లిపందిరిలో వేడుకవస్తువుగా నిలుపు ఆచారము పోవలసినదే. కాని ఆచారమును త్రోసివేయుటలో ఆ స్త్రీల విద్యను, జీవనమును, మానమును కూడ త్రోసివేసితిమి. ఈ ప్రమాదమును గురజాడ అప్పారావుగారు ముందే కనిపెట్టిరి. 'కన్యాశుల్కము' చివర, వేశ్యల ముఖము చూడనని నియమము పట్టిన సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి పురుషవేషమున వచ్చును. ఆ సజ్జనుని సత్కార్యము నెరవేరుటకు ఆయన చూడనొల్లని స్త్రీయొక్క బుద్ధియే అక్కరకు వచ్చును. ఆ ఘట్టమున పరీక్షింపబడువాడు సంస్కర్త. మనము ఆ నాటకమును మెచ్చుకొంటిమి గాని, ఆ పరీక్ష మనకు కూడ పెట్టబడినదని గ్రహింపలేదు.

అట్లయిన సావిత్రి వంటి స్త్రీకి మనము చెల్లింపవలసిన ఋణమేమి? పూజ కాదు, జాలి కాదు, మందలింపు అసలే కాదు. వైద్యుని వైద్యముచేతను, శిల్పిని శిల్పముచేతను, ఉపాధ్యాయుని చదువుచేతను కొలుచునట్లు నటిని నటనచేత కొలుచుటయే ఆ ఋణము. ఆమె చిత్రములను శ్రద్ధగా చూచి, ఇచ్చట బాగున్నది, ఇచ్చట బాగులేదు అని చెప్పగలుగుటలో, ఆమె మరణమునకై కార్చు కన్నీటికంటె ఎక్కువ గౌరవము కలదు. మరియు నేడు ఏ గ్రామమునందైనను ఒక బాలిక పాటయో, ఆటయో, నటనయో నేర్తుననినపుడు, సావిత్రి గతి చూడుమని బెదరింపక, నీ సంపాదన నీ పేర నుండవలెను, నీ ఒడంబడికలు నీవే చదువుకొనవలెను, కష్టము వచ్చినపుడు ఇంటికి రావచ్చును అని చెప్పుట మన పని. ఇది నీతివాక్యము కాదు. ఆమెకు పనికివచ్చు మాట.

ఆ బాలిక వ్యాసమునకు మేము చేర్చుమన్న రెండు వాక్యములను మానిపించితిమి. సభలో ఆమె దానిని వ్రాసినది వ్రాసినట్లే చదివెను. శశిరేఖ వేషమున నున్న ఘటోత్కచుడు ఎట్లు నడచునో చెప్పవలసిన చోట, కాగితమును బల్లపై పెట్టి, తాను నాలుగడుగులు నడచి చూపెను. పిల్లలందరును నవ్విరి. ముందువరుసలో కూర్చున్న గ్రామపెద్దయు నవ్వెను. చివర నీతి యేదని ఎవరును అడుగలేదు.